జిమ్ థోర్ప్ పేరు వెంట: లారూ నుంచి మాక్ చంక్ దాకా

మొదటి రోజు: లారూ, మేరియన్

కొలంబస్ నుంచి వాయవ్య దిక్కుగా గంటంబావు కారులో వెళ్తే లారూ వస్తుంది. ఏడు వందలకు అటూ ఇటూ జనాభా. చుట్టూ మొక్కజొన్న, సోయా చేలు, ఊరి పక్కన సన్నగా పారే సయోటో నది. అక్టోబరు కదా, సగం చేలు కోతైపోయాయి, మిగతా సగంలో కంబైన్లు దుమ్ము రేపుతూ తిరుగుతున్నాయి. 1922లో, 1923లో ఈ ఊరికి నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ (ఎన్‌ఎఫ్‌ఎల్) జట్టు ఉండేది. ఆ లీగ్ చరిత్రలో సొంత జట్టు ఉన్న అతి చిన్న ఊరు ఇదే.

నాతో వచ్చింది మా బాబాయ్. తెనాలి వైపు హైస్కూల్లో పీఈటీ మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. కబడ్డీ, వాలీబాల్ జట్లని జిల్లా పోటీలకు తీసుకెళ్లడంలోనే ఆయన సర్వీసంతా గడిచింది. ఇక్కడికి వచ్చినప్పటి నుంచి ఆదివారాలు టీవీ ముందు కూర్చుని అమెరికన్ ఫుట్‌బాల్ చూస్తూ, "డబ్బులిచ్చి ఈ ఆట ఆడించడం ఎవడు మొదలుపెట్టాడురా?" అని అడుగుతున్నాడు. మొట్టమొదట డబ్బు తీసుకున్నట్టు రికార్డున్న ఆటగాడు పడ్జ్ హెఫెల్‌ఫింగర్. 1892లో పిట్స్‌బర్గ్‌లో ఒక్క ఆటకు 500 డాలర్లు. కానీ జనం టికెట్ కొని చూడటానికి ఎగబడేలా చేసింది మాత్రం అమెరికా ఆదివాసీ అథ్లెట్ జిమ్ థోర్ప్. అతని పేరు మీద ఒహాయోలో, పెన్సిల్వేనియాలో ఏమేం మిగిలాయో వరసగా చూసొద్దామని బయల్దేరాం.

లారూలో అప్పట్లో వాల్టర్ లింగో అనే వ్యాపారి ఉండేవాడు. ఏర్‌డేల్ టెరియర్ జాతి కుక్కల్ని పెంచి, పోస్టు ఆర్డర్ల మీద దేశమంతా అమ్మేవాడు. ఆ కంపెనీ పేరు ఊరాంగ్ కెన్నెల్స్. వేటకు వచ్చిన థోర్ప్‌తో స్నేహం కుదిరింది. తన కుక్కలకు ప్రచారం కావాలి, ఊరూరా తిరిగే ఫుట్‌బాల్ జట్టును మించిన ప్రచారం ఏముంటుంది? ఎన్‌ఎఫ్‌ఎల్‌లో జట్టు పెట్టడానికి అప్పట్లో కట్టాల్సింది 100 డాలర్లు. లింగో దగ్గర ఒక మంచి కుక్క ధర 150. కుక్క కంటే జట్టే చవకని తేలింది.

జట్టు పేరు ఊరాంగ్ ఇండియన్స్. అందులో అందరూ అమెరికా ఆదివాసీలే, చాలామంది థోర్ప్ చదివిన కార్లైల్ స్కూలు వాళ్లే. థోర్ప్ ఆటగాడు, కోచ్ రెండూ. ఆ హోదా ఈనాటి వాళ్లకు అంత తేలిగ్గా అర్థం కాదు. అప్పటి నిబంధనల ప్రకారం గీత బయట నిలబడి ఆట నడిపించకూడదు. కోచ్ ఏం చెప్పాలన్నా ఆటకు ముందే చెప్పుకోవాలి, లేదా తనే బరిలోకి దిగి చెప్పాలి. దాడికీ రక్షణకూ అదే పదకొండు మంది. థోర్ప్‌కి అప్పటికి 35 ఏళ్లు. బంతి పట్టుకుని పరిగెత్తాలి, అవతలివాళ్లని పడగొట్టాలి, బంతిని తన్నాలి, తర్వాత ఏ ఎత్తు వెయ్యాలో కూడా తనే చెప్పాలి. వీటికి తోడు కెన్నెల్ బాగోగులు కూడా చూడాలి. ఆటగాళ్లు మిగతా వేళల్లో కుక్కలకు తర్ఫీదు ఇచ్చేవాళ్లు.

ఆట మధ్యలో విరామం రాగానే అసలు బేరం మొదలయ్యేది. కుక్కలు వేట విద్యలు చూపించేవి. ఆటగాళ్లు అలసిపోయి వచ్చి, వేషాలు కట్టి నాట్యం చెయ్యాలి, గొడ్డళ్లు విసరాలి. లాంగ్ టైమ్ స్లీప్ అనే ఆటగాడు ఎలుగుబంటితో కుస్తీ పట్టేవాడు. ఈ రోజుల్లో లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ విరామంలో జరిగే సంబరానికి తొలి రూపాల్లో ఇదొకటి.

ఊళ్లో ఒహాయో రాష్ట్రం పెట్టిన చారిత్రక ఫలకం ఉంది. ఆ జట్టు కథ నాలుగు వాక్యాల్లో. బాబాయ్ కళ్లజోడు సర్దుకుని మొత్తం చదివాడు. "మరి రికార్డేంట్రా?" అన్నాడు. మొదటి ఏడు 3 గెలుపులు, 6 ఓటములు. రెండో ఏడు 1 గెలుపు, 10 ఓటములు. "ఆటకీ ఆటకీ మధ్య ఎలుగుబంటితో కుస్తీ పట్టిస్తే నా పిల్లలైనా ఓడిపోతారు" అన్నాడు. ఆయన సర్వీసులో పిల్లల్ని ఊరేగింపులకూ, మంత్రుల స్వాగతాలకూ వాడుకోవడం చూసిన మనిషి. ఆ మాటలో కోపమే ఉంది.

థోర్ప్ గట్టి కోచ్ కాదనే రాస్తారు అందరూ. క్రమశిక్షణ లేదనీ, కుర్రాళ్లతో కలిసి తాగేవాడనీ. అందులో కొంత నిజం లేకపోలేదు. ఆ జట్టులో దాడి నడిపించే ఆటగాడు, అంటే క్వార్టర్‌బ్యాక్, లియోన్ బౌట్‌వెల్ తర్వాతెప్పుడో చెప్పాడు: తెల్లవాళ్లు మమ్మల్ని అడవి మనుషులమనే అనుకున్నారు, మాలో దాదాపు అందరం కాలేజీ మెట్లెక్కినవాళ్లమే అయినా. ఎలాగూ అదే అనుకుంటున్నారు కాబట్టి మాకు అల్లరి చేసే లైసెన్సు దొరికింది అని. ఆ మాట తెలిశాక 3–6, 1–10 అనే అంకెల్ని కోచ్ పనితనానికి కొలతగా చూడటం నాకు మనసొప్పలేదు. అది ఫుట్‌బాల్ జట్టు అని చెప్పి నడిపిన ప్రచార బృందం.

1923 నవంబరులో షికాగో బేర్స్‌తో ఆట. బురద నేల. బేర్స్ గోల్ దగ్గర థోర్ప్ చేతిలో బంతి జారింది. దాన్ని ఎత్తుకుని 98 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ (బంతిని అవతలి గోల్ గీత దాటించడం) చేసినవాడు జార్జ్ హలాస్. అతనూ ఆటగాడు, కోచే, పైగా జట్టు యజమాని. వెనక థోర్ప్ తరుముతున్నాడు, అందుకే హలాస్ అంత వేగంగా పరిగెత్తాడు. ఆ 98 గజాల రికార్డు 1972 దాకా నిలబడింది. హలాస్ ఆ తర్వాత దశాబ్దాల పాటు బేర్స్‌ని నడిపించి లీగ్‌లో పెద్ద తలకాయ అయ్యాడు. థోర్ప్‌కి అలా ఒక జట్టు ఎప్పుడూ సొంతం కాలేదు.

లారూలో స్టేడియం లేదు కాబట్టి ఊరాంగ్ వాళ్లు సొంత ఊరి ఆట ఆడాలన్నా పదిహేను మైళ్ల అవతల మేరియన్‌కి పోవాల్సిందే. మేమూ అక్కడికే వెళ్లి రాత్రి బస చేశాం. అప్పటి ప్రెసిడెంట్ హార్డింగ్ సొంతూరు అది. సాయంత్రం ఆయన సమాధి చూశాం, తెల్లని పాలరాతి స్తంభాలతో గుడి మండపంలా పెద్ద కట్టడం. ఆ రోజుల్లో హార్డింగ్ కంటే థోర్ప్ పేరే ఎక్కువమందికి తెలుసుంటుందని నా అనుమానం.

రెండో రోజు: మాసిలన్, కాంటన్

పొద్దున్నే రూట్ 30 పట్టుకుని తూర్పుకి. మాన్స్‌ఫీల్డ్, వూస్టర్ దాటాక నేల కాస్త ఎత్తుపల్లాలు తిరుగుతుంది. మధ్యాహ్నానికి మాసిలన్ చేరాం.

మాసిలన్‌కీ, దానికి ఎనిమిది మైళ్ల దూరంలో ఉన్న కాంటన్‌కీ మధ్య ఫుట్‌బాల్ పగ నూరేళ్లు దాటినా చల్లారలేదు. ఒకప్పుడు మాసిలన్ ఆసుపత్రిలో మగపిల్లాడు పుడితే ఊయల్లో చిన్న ఫుట్‌బాల్ పెట్టేవాళ్లు. హైస్కూలు జట్టుకు ఉన్న స్టేడియం చూస్తే మన రంజీ మైదానాలు గుర్తొచ్చాయి. ఇనుము, ఉక్కు కార్ఖానాల ఊళ్లు ఇవి. ఆరు రోజులు కొలిమి దగ్గర పనిచేసిన మనుషులకు ఆదివారం మధ్యాహ్నం చూడటానికి ఒక ఆట కావాలి, పందెం కాయడానికి ఒక జట్టు కావాలి.

1915లో కాంటన్ బుల్‌డాగ్స్ మేనేజర్ జాక్ క్యూసాక్ థోర్ప్‌ని ఆటకు 250 డాలర్లకు మాట్లాడాడు. దివాలా తీస్తావని స్నేహితులు బతిమాలారట. అప్పటికి థోర్ప్ ఇండియానా యూనివర్సిటీ జట్టుకు సహాయ కోచ్‌గా ఉన్నాడు. వేసవిలో న్యూయార్క్ జెయింట్స్ తరఫున బేస్‌బాల్. క్యూసాక్ లెక్క తప్పలేదు. అంతకుముందు వెయ్యి పైచిలుకు జనం వచ్చే ఆటలకు ఒక్కసారిగా వేలమంది వచ్చారు.

ఆ ఏడు మాసిలన్‌తో రెండు ఆటలు. మొదటిది మాసిలన్ 16–0తో గెలిచింది. రెండోదానికి థోర్ప్ కెప్టెన్, కోచ్ కూడా. ఆ ఆట కథ క్యూసాక్ తర్వాత రాసిపెట్టాడు, నేను దారి పొడుగునా బాబాయ్‌కి చెప్పాను. జనం ఎంతమంది వచ్చారంటే సీట్లు చాలక గోల్ వెనక నేల మీదే నిలబడ్డారు. జనంలోకి దూసుకెళ్లిన ఆటగాడు తిరిగి బయటికొచ్చేటప్పుడు బంతి చేతిలో ఉంటేనే చెల్లుతుందని రెండు జట్లూ ముందే ఒప్పందం చేసుకున్నాయి. థోర్ప్ రెండు ఫీల్డ్ గోల్స్ (బంతిని తన్ని గోల్ కర్రల మధ్యనుంచి పంపడం, ఒక్కోదానికి మూడు పాయింట్లు) కొట్టి కాంటన్‌ని 6–0 ఆధిక్యంలో పెట్టాడు. అవతల మాసిలన్ జట్టులో నూట్ రాక్‌నీ ఉన్నాడు, తర్వాత నోటర్ డామ్ కోచ్‌గా దేశమంతా పేరు తెచ్చుకున్న మనిషి. ఆఖరి నిమిషాల్లో మాసిలన్ ఆటగాడు బ్రిగ్స్ బంతి పట్టుకుని జనంలోకి దూసుకెళ్లాడు. బంతి బయటికొచ్చి పడింది, కాంటన్ ఆటగాడు దాని మీద పడ్డాడు. బ్రిగ్స్ గోల పెట్టాడు: నేను వదల్లేదు, పోలీసు ఒకడు నా చేతిలోంచి తన్నేశాడు, ఇత్తడి గుండీలు కళ్లారా చూశాను అని. కానీ అక్కడ యూనిఫాం వేసుకున్న పోలీసే లేడు.

జనం మైదానంలోకి దూకారు. ఆట ఆగిపోయింది. అధికారులు తీర్పు రాసి కవర్లో పెట్టి, అర్ధరాత్రి దాటిన అరగంటకు హోటల్లో చదవాలన్నారు. అప్పటికి రెండు ఊళ్ల జనం ఇళ్లకు చేరి నిద్రపోతారని. తీర్పు కాంటన్ వైపే వచ్చింది. పదేళ్ల తర్వాత క్యూసాక్‌కి ఒక ట్రామ్ కండక్టర్ కనబడి అసలు సంగతి చెప్పాడు. ఇత్తడి గుండీలు తనవే, తన్నింది తనే. కాంటన్ మీద 30 డాలర్లు పందెం కాశానని, తన జీతానికి అది పోతే తట్టుకోలేనని. బాబాయ్ కారు అదిరేలా నవ్వాడు. ఆ తర్వాత కాసేపు జిల్లా కబడ్డీ ఫైనల్లో ఎవరు లైను చెరిపారో చెప్పాడు.

కాంటన్ నడిబొడ్డున, ఇప్పుడు ఫెడరల్ ఆఫీసు భవనం ఉన్న చోట, 1920లో రాల్ఫ్ హే కార్ల షోరూం ఉండేది. అమ్మేది హప్‌మొబీల్ కార్లు. హే అప్పటికి బుల్‌డాగ్స్ యజమాని. 1920 సెప్టెంబరు 17న వేర్వేరు ఊళ్ల జట్లవాళ్లు అక్కడ కలిశారు. కుర్చీలు చాలక కార్ల పక్క మెట్ల మీద కూర్చున్నారు. బకెట్లలో బీరు తిరిగింది. జీతాలు పెరిగిపోతున్నాయి, ఒకే ఆటగాడు వారానికో జట్టుకు ఆడుతున్నాడు, కాలేజీ పిల్లల్ని దొంగ పేర్లతో దింపుతున్నారు. వీటికి అడ్డుకట్ట వెయ్యడానికి ఒక సంఘం పెట్టుకున్నారు. సభ్యత్వం 100 డాలర్లు అన్నారు, ఎవరూ కట్టలేదు. సంఘానికి ప్రెసిడెంట్‌గా థోర్ప్‌ని ఎన్నుకున్నారు.

ఎందుకు థోర్ప్? పత్రికల్లో అచ్చయ్యేది ఆ పేరొక్కటే కాబట్టి. ఆ ఏడు అతను ప్రెసిడెంట్, కాంటన్ కోచ్, ఆటగాడు మూడూ. ఆఫీసు పని చెయ్యాలని ఎవరూ ఆశించలేదు, అతనూ చెయ్యలేదు. మరుసటి ఏడాది ఆ పదవి కొలంబస్‌కి చెందిన జో కార్‌కి ఇచ్చారు. కార్ అసలైన నిర్వాహకుడు. 1939లో చనిపోయేదాకా లీగ్‌ని నడిపాడు, అన్నేళ్లూ ఎన్‌ఎఫ్‌ఎల్ ముఖ్య కార్యాలయం మా కొలంబస్‌లోనే. 1922లో ఎన్‌ఎఫ్‌ఎల్ అన్న పేరు పెట్టింది కూడా అతని హయాంలోనే. కానీ ఆ మొదటి పేజీలో థోర్ప్ పేరు లేకపోతే కార్ నడపడానికి లీగ్ మిగిలేదా అన్నది నా ప్రశ్న.

షోరూం ఆనవాలు ఏమీ లేదు. లీగ్ పుట్టుక గురించి చెప్పే ఫలకం ఒకటి ఉంది, దాని పక్కన నిలబడి ఫోటో తీసుకున్నాం.

మూడో రోజు: హాల్ ఆఫ్ ఫేమ్, తర్వాత టర్న్‌పైక్

ఈ ఆటలో మేటివాళ్లని గౌరవించే మ్యూజియం, ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్, కాంటన్‌లోనే ఉంది. లోపలికి అడుగుపెట్టగానే ఎదురుగా థోర్ప్. ఏడడుగుల కంచు విగ్రహం, బంతి పట్టుకుని పరిగెడుతున్నట్టు. 1963లో ఈ హాల్ తెరిచినప్పుడు మొదటి విడతలో చేర్చిన 17 మందిలో అతనొకడు. హలాస్, కార్ కూడా ఆ 17 మందిలో ఉన్నారు.

కంచు తలల గదిలో వెలుతురు తక్కువ. అక్కడ వెతికి మరీ చూసినవి రెండు. ఒకటి జో గయాన్, థోర్ప్‌తో కార్లైల్ నుంచి కాంటన్ మీదుగా ఊరాంగ్ దాకా కలిసి ఆడిన ఆజిబ్వే మనిషి. రెండోది ఫ్రిట్జ్ పోలార్డ్. థోర్ప్ ప్రెసిడెంట్‌గా ఉన్న 1920 సీజన్‌లో టైటిల్ గెలిచిన ఆక్రన్ జట్టు ఆటగాడు, మరుసటి ఏడు అదే జట్టుకు కోచ్. లీగ్‌లో మొదటి నల్లజాతి కోచ్ అతనే. 1934 నుంచి 1946 దాకా నల్లవాళ్లెవర్నీ లీగ్‌లోకి రానివ్వలేదు. పోలార్డ్ తలను ఇక్కడ పెట్టింది 2005లో, ఆయన పోయిన పందొమ్మిదేళ్లకు.

పాత బంతులు పెట్టిన అద్దాల పెట్టె దగ్గర బాబాయ్ చాలాసేపు నిలబడ్డాడు. థోర్ప్ కాలం బంతి పొట్టిగా, బొద్దుగా ఉండేది. థోర్ప్ ప్రసిద్ధి చెందిన తన్ను డ్రాప్ కిక్. చేతిలోని బంతిని నేల మీదికి వదలాలి, అది నేల తాకి లేచే క్షణంలోనే పాదంతో తన్నాలి, రెండు కర్రల మధ్యనుంచి పంపాలి. మాసిలన్ ఆటలోనూ అలా కొట్టాడు. 1934లో బంతిని సన్నగా, మొనదేలేలా మార్చారు, విసరడానికి వీలుగా. మొనదేలిన బంతి నేలకు తగిలితే ఎటు లేస్తుందో దేవుడికే తెలియాలి. దాంతో డ్రాప్ కిక్ పోయింది.

బయటికొచ్చాక బాబాయ్ గిఫ్ట్ షాపులో ఒక బంతి కొనిపించాడు. పార్కింగ్ పక్కన గడ్డిలో బూట్లు విప్పి, ప్యాంటు మడిచి, మొదలుపెట్టాడు. మొదటి తన్నుకు బంతి ఆయన మోకాలికే తగిలింది. తర్వాత పక్కకు. బంతి మొన కిందికి రావాలి, కానీ కాస్త వెనక్కి వాలి ఉండాలి అని ఆయనే కనిపెట్టాడు, ఎవరూ చెప్పకుండా. ఆ తర్వాత ఒకటి పడింది. నేల తాకిన చప్పుడూ, పాదం తాకిన చప్పుడూ దాదాపు ఒక్కటిగా వినబడ్డాయి, బంతి తిరక్కుండా నిటారుగా లేచి దూరంగా పడింది. "కాలుది కాదురా, చేతిది ఈ విద్య. చెయ్యి వదిలే తీరులో ఉందంతా" అన్నాడు. నేను ఇంత కాలం చదివిన దాంట్లో ఆ ముక్క ఎక్కడా తగల్లేదు.

మధ్యాహ్నం నుంచి కారే. పెన్సిల్వేనియా టర్న్‌పైక్, అలెఘెనీ కొండల కింద సొరంగాలు, చెట్లన్నీ ఎరుపు, పసుపు. అయిదు గంటలకు చీకటి పడకముందే కార్లైల్ చేరాలనుకున్నాం, ట్రాఫిక్ వల్ల ఎనిమిదైంది.

నాలుగో రోజు: కార్లైల్

ఈ ఊరి గురించి తేలిగ్గా రాయలేను.

కార్లైల్ ఇండియన్ ఇండస్ట్రియల్ స్కూలు 1879లో మొదలైంది, 1918లో మూతపడింది. పెట్టినవాడు రిచర్డ్ హెన్రీ ప్రాట్ అనే సైనికాధికారి. 140కి పైగా తెగల నుంచి వేల మంది పిల్లల్ని తల్లిదండ్రులకు దూరంగా తెచ్చి, జుట్టు కత్తిరించి, సొంత భాష మాట్లాడితే దండించి, ఇంగ్లీషు, వడ్రంగం, కుట్టుపని నేర్పారు. వాళ్లలోని ఆదివాసీని చంపి మనిషిని మిగల్చాలన్నది ప్రాట్ బాహాటంగా చెప్పిన సిద్ధాంతం. ఆ స్థలం ఇప్పుడు ఆర్మీ వార్ కాలేజీ ఉన్న సైనిక శిబిరం. లోపలికి పోవాలంటే పాస్ కావాలి, విదేశీ పాస్‌పోర్టున్న బాబాయ్‌కి అది ఒక పూటలో అయ్యే పని కాదు. స్కూల్లో చనిపోయిన పిల్లల శ్మశానం శిబిరం అంచున, రోడ్డుకు దగ్గర్లో ఉంది. 1927లో పాత చోటు నుంచి ఇక్కడికి తరలించారు. ఒకే తీరు తెల్ల రాళ్లు, వరసలు. 2017 నుంచి కొన్ని తెగలు తమ పిల్లల ఎముకల్ని ఇంటికి తీసుకుపోతున్నాయి, మొదట నార్తర్న్ అరాపాహో వాళ్లు. 2024 డిసెంబరులో ఈ చోటుని జాతీయ స్మారకంగా ప్రకటించారు.

థోర్ప్ ఓక్లహోమా నుంచి 1904లో ఇక్కడికి వచ్చాడు. శాక్ అండ్ ఫాక్స్ తెగ. కవల సోదరుడు చిన్నప్పుడే పోయాడు, తల్లి అప్పటికే లేదు, అతను ఇక్కడికి వచ్చిన కొన్నాళ్లకు తండ్రీ పోయాడు. కుట్టుపనిలో పెట్టారు. చదువు పేరుతో పొలం పనులకు బయటి కుటుంబాల దగ్గరికి పంపేవాళ్లు. 1907లో ఒక సాయంత్రం హైజంప్ కుర్రాళ్లు దాటలేని కర్రను పనిబట్టల్లోనే దాటేశాడు. ఆ కబురు కోచ్ పాప్ వార్నర్‌కి చేరింది.

అక్కడి నుంచి కథ పరుగులే. 1911లో హార్వర్డ్ మీద 18–15 గెలుపు, థోర్ప్ ఒక్కడే నాలుగు ఫీల్డ్ గోల్స్, ఒక టచ్‌డౌన్. 1912లో ఆర్మీ మీద 27–6, అవతలి జట్టులో ఐసెన్‌హోవర్ అనే కుర్రాడు. అదే 1912 వేసవిలో స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటాథ్లన్, డెకాథ్లన్ రెండింట్లో బంగారం, డెకాథ్లన్‌లో 8,412 పాయింట్లు.

ఆరు నెలలకే ఆ పతకాలు లాక్కున్నారు. 1909, 1910 వేసవుల్లో రాకీ మౌంట్‌లో చిన్న లీగ్‌లో జీతానికి బేస్‌బాల్ ఆడాడు కాబట్టి అమెచ్యూర్ (డబ్బు తీసుకోకుండా ఆడేవాడు) కాడని. కాలేజీ కుర్రాళ్లు చాలామంది ఆడేవాళ్లే, మారుపేర్లతో. థోర్ప్ తన సొంత పేరుతో ఆడాడు. ఫిర్యాదు 30 రోజుల్లోపు చెయ్యాలన్న నిబంధన ఉంది, ఆ గడువు ఎప్పుడో దాటింది. అయినా లాక్కున్నారు. తానొక ఇండియన్ స్కూలు కుర్రాడినని, ఈ విషయాలన్నీ తెలియవని క్షమాపణ ఉత్తరం అతని పేరుతో వెళ్లింది. రాయించింది వార్నరే అని చాలామంది చరిత్రకారుల నమ్మకం. వార్నర్‌కి తెలియకుండా అతని ఆటగాడు రెండు వేసవులు ఎక్కడికో పోయి ఆడొస్తాడా?

బాబాయ్ ఇక్కడ చాలా సీరియస్ అయ్యాడు. "పిల్లాడి మీద పెట్టేసి కోచ్ తప్పుకున్నాడు. మా డిపార్ట్‌మెంట్‌లో ఇలాంటివాళ్లని చూశాను. పిల్లాడు గెలిస్తే ఫోటోలో ముందుంటారు" అన్నాడు. ఊరి నడిమధ్య పాత కోర్టు పక్కన థోర్ప్ స్మారక రాయి ఉంది, అక్కడి బెంచీ మీద కూర్చుని అన్న మాట ఇది.

పతకాల నకళ్లు 1983 జనవరిలో అతని పిల్లల చేతికి వచ్చాయి, అదీ సహవిజేతగా. ఒక్కడే విజేత అని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ఒప్పుకున్నది 2022 జులైలో. 110 ఏళ్లు పట్టింది. చరిత్ర సంఘం మ్యూజియంలో కార్లైల్ జట్టు ఫోటోలు చూశాం. ఎవరి మొహంలోనూ నవ్వు లేదు.

అయిదో రోజు: జిమ్ థోర్ప్ అనే ఊరు

లీహై నది లోయలో, ఇరుకు కొండల మధ్య ఉన్న ఈ ఊరి పాత పేరు మాక్ చంక్. బొగ్గు ఊరు. రంగులు మారే ఈ నెలలో జనం పోటెత్తుతారు, కారు పెట్టడానికే ముప్పావు గంట పట్టింది. పాత రైల్వే స్టేషను, కొండ మీద ఎసా ప్యాకర్ మేడ, ఐస్‌క్రీం క్యూలు. థోర్ప్ బతికుండగా ఈ ఊరికి, అతనికి సంబంధం లేదు.

1928లో షికాగో కార్డినల్స్ తరఫున ఆఖరి ఆట ఆడాక అతనికి నిలకడైన పని దొరకలేదు. లీగ్ అప్పటికి కోచ్‌లకు పెద్ద జీతాలిచ్చే స్థాయికి రాలేదు, వచ్చేసరికి ఎవరూ అతన్ని పిలవలేదు. హాలీవుడ్‌లో చిన్న వేషాలు, 1931లో లాస్ ఏంజెలెస్‌లో గోతులు తవ్వే కూలి. 1932 ఒలింపిక్స్ ఆ ఊళ్లోనే, టికెట్ కొనే స్థితి లేదని పత్రికల్లో వస్తే వైస్ ప్రెసిడెంట్ చార్లెస్ కర్టిస్ పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. కర్టిస్‌దీ కా తెగ రక్తమే. 1950లో పత్రికలవాళ్లు అర్ధశతాబ్దపు మేటి అథ్లెట్ అతనేనని ఓటేశారు. 1953 మార్చి 28న కాలిఫోర్నియాలో, ట్రెయిలర్ ఇంట్లో గుండెపోటుతో పోయాడు.

ఓక్లహోమాలో తెగ ఆచారం ప్రకారం అంత్యక్రియలు జరుగుతుండగా మూడో భార్య శవపేటికను తీసుకుపోయింది. స్మారకం కట్టించే ఊరి కోసం వెతికింది. మాక్ చంక్, ఈస్ట్ మాక్ చంక్ అప్పుడు బొగ్గు గనులు మూతపడి దిక్కుతోచక ఉన్నాయి. ఊరి పత్రిక సంపాదకుడు జో బాయిల్ ఇంటింటికీ వారానికి అయిదు సెంట్లు చొప్పున నిధి పోగుచేయిస్తున్నాడు. 1954లో రెండు ఊళ్లూ ఒకటై, పాత పేరు వదిలేసి, జిమ్ థోర్ప్ అయ్యాయి. అతని శరీరం వచ్చింది. ఫ్యాక్టరీలు, ఆసుపత్రి వస్తాయని ఆశపడ్డారు. అవి రాలేదు.

సమాధి ఊరికి తూర్పున రూట్ 903 పక్కన. ఎర్ర గ్రానైటు, పక్కన బంతి పట్టుకున్న విగ్రహం ఒకటి, డిస్కస్ విసిరేది ఒకటి. ఓక్లహోమా మట్టి, స్టాక్‌హోమ్ స్టేడియం మట్టి తెచ్చి ఇక్కడ వేశారు. గడ్డి శుభ్రంగా కత్తిరించి ఉంది. ఊరివాళ్లు గౌరవంగానే చూసుకుంటున్నారు, ఆ మాట ఒప్పుకోవాలి.

2010లో థోర్ప్ కొడుకు జాక్, తండ్రిని సొంత నేలకు తీసుకుపోవాలని కోర్టుకెక్కాడు. ఆదివాసీల అస్థికల్ని మ్యూజియంల నుంచి తిరిగి ఇప్పించే చట్టం ఆధారంగా. ఈ ఊరు కూడా ఆ చట్టం కిందకి మ్యూజియంలాగే వస్తుందని వాదన. 2013లో జిల్లా కోర్టు ఒప్పుకుంది, 2014లో అప్పీలు కోర్టు కొట్టేసింది, 2015 అక్టోబరులో సుప్రీం కోర్టు విననంది. తీర్పు రాకముందే జాక్ పోయాడు, అతని అన్నదమ్ములు కేసు కొనసాగించారు. మనవల్లో కొందరు మాత్రం తాత ఇక్కడే ఉండాలన్నారు.

మేమిద్దరం ఈ విషయంలో ఒక మాట మీదికి రాలేదు. బాబాయ్ లెక్కలో అయిదేసి సెంట్లు పోగేసిన గని కూలీలు కూడా కుటుంబమే. "స్మారకానికి ఓక్లహోమా ప్రభుత్వం డబ్బివ్వనంటే వీళ్లిచ్చార్రా. అంత తేలిగ్గా దొంగలనెయ్యకు" అన్నాడు. దొంగలని నేననలేదు. కానీ కుక్కల వ్యాపారి అయినా, లీగ్ అయినా, ఈ ఊరైనా, అతని పేరుతో పని జరగాలనుకున్నప్పుడు అతన్నో అతని తెగనో అడిగి చెయ్యలేదు. కర్మకాండ మధ్యలో ఆగిపోయింది, అది పూర్తి కావాలని కొడుకులు అడిగారు. నేను వాళ్ల వైపే.

తిరుగు ప్రయాణంలో కూడా ఈ వాదన క్లియర్‌ఫీల్డ్ దాకా సాగింది. 1917 నుంచి 1923 దాకా, అంటే కాంటన్, ఊరాంగ్ రోజుల్లో, థోర్ప్ కుటుంబంతో ఉన్న ఇల్లు ఓక్లహోమాలో యేల్ అనే ఊళ్లో ఉంది. మ్యూజియంగా ఉంచారు. బాబాయ్ వీసా జనవరి దాకా ఉంది, థాంక్స్‌గివింగ్ సెలవుల్లో వెళ్లడానికి టల్సాకి టికెట్ల ధరలు చూస్తున్నాను.